మొదటి ఉప్పునీటి ఆక్వేరియానికి ఏ రాయి: లైవ్ రాకా, డ్రై రాకా, రెండూ కలిపా?

ఉప్పునీటి ట్యాంకులో అసలు ఫిల్టరు ఏదంటే రాళ్లనే చూపించాలి. స్కిమ్మర్ (నురగతో నీటిలోని మురికిని బయటికి లాగే పరికరం), పంపులు, జల్లెడ సంచులు అన్నీ వాటికి సాయం చేసేవే. చేపలు విడిచే అమోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా రాతి పైన, దాని లోపలి సన్నటి రంధ్రాల గోడల మీద పొరలా పట్టి బతుకుతుంది. లైట్లు తర్వాత మార్చుకోవచ్చు, పంపు పాడైతే ఇంకోటి కొనుక్కోవచ్చు. రాయి మార్చాలంటే మాత్రం ట్యాంకు మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టినట్టే. కొత్తవాళ్లు చాలామంది లైట్ల గురించి వారాల తరబడి చదివి, రాయి మాత్రం దొరికింది తెచ్చి పెట్టేస్తారు. కొత్త ట్యాంకుల్లో వచ్చే తలనొప్పుల్లో సగం అక్కడే మొదలవుతాయి.

లైవ్ రాక్ అంటే సముద్రపు జీవం పట్టి ఉన్న తడి రాయి, డ్రై రాక్ అంటే ఏ జీవమూ లేని పొడి రాయి. క్యూర్ చేయడమంటే రాయి మీద చచ్చినవన్నీ కుళ్లి పోయేదాకా దాన్ని వేరే ఉప్పునీటిలో ఉంచడం. మా సలహా ముందే చెప్పేస్తాం, కారణాలు తర్వాత. 100 లీటర్లు దాటిన ట్యాంకుకైతే కట్టడమంతా డ్రై రాక్‌తో చేసుకుని, మొత్తం బరువులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా బాగా క్యూర్ అయిన లైవ్ రాక్ కలపండి. 60 లీటర్ల లోపు చిన్న ట్యాంకైతే మొత్తం క్యూర్ అయిన లైవ్ రాకే పెట్టండి. ఈ రెంటి మధ్య ఉన్నవాళ్లు నమ్మకమైన లైవ్ రాక్ దగ్గర్లో దొరుకుతుందా లేదా అన్నదాన్ని బట్టి తేల్చుకోవచ్చు. సముద్రంలోంచి తీసి నేరుగా పెట్టెలో వచ్చే క్యూర్ కాని రాయి మాత్రం మొదటి ట్యాంకుకు వద్దు.

లైవ్ రాక్‌లో బతికున్నది ఏది

రాయికి ప్రాణం లేదు. అది చచ్చిపోయిన పగడాల అస్థిపంజరాలు, గుల్లలు కలిసి గట్టిపడిన కాల్షియం కార్బొనేటు. దాని మీద, లోపల కాపురం ఉన్నవాటికే ప్రాణం: బ్యాక్టీరియా, ఊదా రంగు పొరలా పట్టే కోరలైన్ నాచు, స్పాంజిలు, రొయ్యలకు చుట్టాలైన బుల్లి ప్రాణులు కోపిపాడ్లు, ఆంఫిపాడ్లు, గొట్టపు పురుగులు, బుల్లి నత్తలు, పెళుసు నక్షత్రాలు (సన్నటి చేతులుండే, సముద్ర నక్షత్రం లాంటి ప్రాణులు). రాళ్లు, గాలి బుడగలు తప్ప వేరే ఫిల్టరు లేకుండా సముద్రపు ట్యాంకు నడపవచ్చని జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ 1961లోనే రాశారు. ఆ తర్వాత జర్మనీలో ఈ రాళ్లకు ప్రోటీన్ స్కిమ్మర్, గట్టి నీటి ప్రవాహం జోడించారు. ఇప్పటికీ మనం నడుపుతున్నది ఆ బెర్లిన్ పద్ధతే.

బ్యాక్టీరియా ఒక్కటే కావాలంటే సీసాలో దొరుకుతుంది. లైవ్ రాక్‌కు డబ్బు పెట్టేది మిగతా జీవరాశి కోసం. మిగిలిపోయిన మేతను తినే పురుగులు, రాత్రిపూట నాచును గీకే చిన్న ప్రాణులు, చేపలకు ఎప్పుడూ అందుబాటులో ఉండే కోపిపాడ్లు సీసాలో పూర్తిగా రావు. ట్యాంకు నిలదొక్కుకోవడంలో వీటి పాత్ర బ్యాక్టీరియా కంటే తక్కువేమీ కాదు.

ఎక్కడిది అన్నది కూడా చూడాలి. రాతి పగడాలు సైటీస్ (అంతరించే ముప్పున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి. అంతర్జాతీయ వ్యాపారంలో లైవ్ రాక్‌కూ ఆ నిబంధనలే వర్తిస్తాయి. అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో సహజమైన లైవ్ రాక్ తీయడం 1990ల్లోనే ఆపేశారు. ఇప్పుడక్కడ గనిలో తవ్విన సున్నపురాయిని లీజుకు తీసుకున్న సముద్రపు అడుగున పేర్చి, ఒకట్రెండేళ్లు దాటాక దాని మీద జీవం పట్టినప్పుడు పైకి తీస్తారు. దీన్ని ఆక్వాకల్చర్ లైవ్ రాక్ అంటారు. అమ్మేవాళ్లను మూలం అడగండి. సూటిగా చెప్పలేకపోతే ఆ రాయి వద్దు. సముద్రతీరం నుంచి మీ అంతట మీరు రాళ్లు ఏరుకొచ్చే ఆలోచనా వద్దు. చాలాచోట్ల అది నేరం, పైగా ఒడ్డు రాళ్లకు ఏ కాలుష్యం పట్టి ఉందో కంటికి కనపడదు.

క్యూర్ కాని రాయి ఎందుకు వద్దంటున్నాం

సముద్రంలోంచి తీసిన రాయి తడి కాగితాల్లో చుట్టి ఉండగా ఒకటి రెండు రోజులు ప్రయాణం చేస్తుంది. గాలి తగిలితే స్పాంజిలు చచ్చిపోతాయి, గుల్లజీవులూ చాలావరకు పోతాయి. నీళ్లలో పెట్టగానే అవన్నీ కుళ్లడం మొదలవుతుంది. మొదటి వారంలో అమోనియా 5 పీపీఎం (లీటరుకు 5 మిల్లీగ్రాములు) దాటడం మామూలే. అంత అమోనియాకు, రాయి మీద ప్రయాణాన్ని తట్టుకుని బతికిన ప్రాణులు కూడా చచ్చిపోతాయి. అంటే ఏ జీవవైవిధ్యం కోసం కొన్నామో, మొదట పోయేది అదే.

ఇక్కడ ఉప్పునీటికి ఒక ప్రత్యేకమైన చిక్కుంది. పీహెచ్ పెరిగేకొద్దీ అమోనియాలో విషపూరితమైన రూపం వాటా పెరుగుతుంది. పీహెచ్ 7 దగ్గర అది ఒక శాతం కూడా ఉండదు. సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర, 25 డిగ్రీల్లో, చాలా రెట్లు ఎక్కువవుతుంది. మంచినీటి ట్యాంకులో చేపలు తట్టుకున్న అంకెను ఇక్కడ నమ్ముకోకూడదు.

అయినా అలాంటి రాయే చేతికొస్తే దాన్ని ట్యాంకులో కాకుండా బయట డ్రమ్ములో క్యూర్ చేయాలి. 20 కిలోల రాయికి 80–100 లీటర్ల డ్రమ్ము సరిపోతుంది. ముందే కలిపి ఉంచిన ఉప్పునీళ్లు (సాంద్రత 1.025–1.026), 25–26 డిగ్రీల హీటర్, నీటిని బాగా తిప్పే పంపు, పైన మూత. వెలుతురు పడితే కుళ్లే పదార్థం మీద నాచు బలుస్తుంది, కాబట్టి చీకట్లోనే ఉంచాలి. డ్రమ్ములో పెట్టేముందు ప్రతి రాయినీ ఉప్పునీటి బకెట్లో ముంచి ఊపండి. తెల్లగా, నల్లగా మెత్తబడి జారుతున్నదంతా చచ్చిన స్పాంజి. దాన్ని కత్తి మొనతో తీసేయండి. అమోనియా 2 పీపీఎం దాటినప్పుడల్లా సగం నీళ్లు మార్చి, అడుగున చేరిన మడ్డిని గొట్టంతో లాగేయాలి. మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. నీళ్లు మార్చకుండా వారం రోజులు అమోనియా, నైట్రైటు రెండూ సున్నా దగ్గరే ఉంటే క్యూర్ అయినట్టు.

యంత్రాలు లేకుండా చేసే పరీక్ష కూడా ఒకటుంది: రాయిని పైకి తీసి, రంధ్రాల దగ్గర ముక్కు పెట్టి వాసన చూడండి. క్యూర్ అయిన రాయి శుభ్రమైన సముద్రపు గాలి వాసన వస్తుంది. కుళ్లిన గుడ్డు కంపో, చచ్చిన చేప కంపో కొడితే లోపల ఇంకా కుళ్లుతోందని అర్థం. కొనేచోట కూడా మొదట చేయాల్సింది ఇదే. “క్యూర్డ్” అని చీటీ అంటించినంత మాత్రాన నమ్మకండి. ఆ రాయి వాళ్ల తొట్టిలో ఎన్ని వారాలుగా ఉంది, ఆ నీటిలో అమోనియా ఇప్పుడెంత ఉందో చూపించమనండి.

ఇంకో మాట, ఇది ప్రాణాలకు సంబంధించినది. లైవ్ రాక్‌ను ఎప్పుడూ ఉడకబెట్టకండి, ఓవెన్‌లో పెట్టకండి, మరిగే నీళ్లు పోయకండి, ప్రెషర్ వాషర్‌తో కడగకండి. పురుగులు చస్తాయనుకుని అలా చేస్తుంటారు. రాతికి అంటుకుని జొయాంతిడ్ జాతి పాలిపులు (పగడాలకు చుట్టాలైన, పువ్వుల్లా కనిపించే మెత్తటి ప్రాణులు) ఉంటే వాటిలో పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉండవచ్చు. ఆ ఆవిరి, తుంపర పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. రాయి ముట్టుకునేటప్పుడు చేతి తొడుగులు, బ్రష్‌తో రుద్దేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి. చేతికి కోతలుంటే తగ్గేదాకా ఆగండి.

క్యూర్ అయిన లైవ్ రాక్: లాభం, దాంతోపాటు వచ్చే అతిథులు

మంచి లైవ్ రాక్‌తో మొదలైన ట్యాంకు తొందరగా తేరుకుంటుంది. నీళ్లలో ముంచి తెచ్చుకుంటే అమోనియా అసలు కనపడకపోవచ్చు. వారం పది రోజులు రోజూ పరీక్షించి, నిలకడగా సున్నా వస్తే నెమ్మదిగా ప్రాణులను వేయడం మొదలుపెట్టవచ్చు. నీళ్లలో తేవడమన్నది ఇక్కడ ముఖ్యం. క్యూర్ అయిన రాయిని కూడా గంటల తరబడి గాలికి వదిలేస్తే మళ్లీ కొంత కుళ్లు మొదలవుతుంది. 60 లీటర్ల ట్యాంకుకు కావలసిన ఐదారు కిలోలను మూత ఉన్న రెండు బకెట్లలో ఉప్పునీళ్లు పోసి తెచ్చుకోవచ్చు. 300 లీటర్ల ట్యాంకుకు అది అయ్యే పని కాదు. చిన్న ట్యాంకులకు లైవ్ రాక్ అని మేము చెప్పడానికి ఇదొక కారణం. రెండోది, నాలుగైదు రాళ్లయితే ఒక్కొక్కదాన్నీ తిప్పితిప్పి చూడవచ్చు. అలా చూడాల్సిన అవసరం ఎందుకో ఇప్పుడు చెప్తాం.

ఆ అతిథుల్లో ఐప్టేసియా అనే బుల్లి సీ ఎనిమోన్ అన్నిటికంటే మొండిది. సెంటీమీటరు నుంచి నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తు, గాజులాంటి గోధుమ రంగు కాడ, పైన సన్నని మొనదేలిన తంతువులు. పుల్లతో తాకగానే చటుక్కున రంధ్రంలోకి ముడుచుకుపోతుంది. గీకితే పోతుందనుకుంటారు. మిగిలిపోయిన చిన్న కండ ముక్క నుంచి కూడా మళ్లీ పుడుతుంది, అందుకే గీకినచోట నెలలోపు అయిదారు కనిపిస్తాయి. కాల్షియం హైడ్రాక్సైడ్‌ను కొద్దిపాటి నీటితో చిక్కని ముద్దగా కలిపి, పంపులు ఆపి, సిరంజితో దాని నోటి మీద మెల్లగా వదలాలి. పది పదిహేను నిమిషాలాగి పంపులు వేయాలి. ఒకేసారి రెండు మూడిటికి మించి చేయకండి, ఆ పొడి పీహెచ్‌ను ఎగదోస్తుంది. పెప్పర్‌మింట్ రొయ్యలు కొన్ని వీటిని తింటాయి, కొన్ని ముట్టుకోవు. బెర్గియా అనే సముద్రపు స్లగ్ మాత్రం వీటినే తిని బతుకుతుంది, అయిపోతే ఆకలితో చచ్చిపోతుంది.

మాంటిస్ రొయ్యను చూడటం కంటే ముందు వింటారు. గాజు మీద గోరుతో కొట్టినట్టు టిక్ టిక్ మని శబ్దం, ఎక్కువగా రాత్రిపూట. నత్తలు, పీతలు, చిన్న చేపలు ఒక్కొక్కటే మాయమవుతుంటే అనుమానించాలి. ఒళ్లంతా బొచ్చు, నల్ల కొనల గోళ్లు ఉన్న పీతలూ అలాంటివే. ట్యాంకులో పెట్టేముందే సాంద్రత 1.035–1.040కి పెంచిన ఉప్పునీటిలో రాయిని ఒకటి రెండు నిమిషాలు ముంచి ఊపితే దాక్కున్నవి చాలావరకు బయటికి దూకుతాయి. అన్నీ దూకవు, కాబట్టి తర్వాత కూడా కనిపెట్టి చూడాలి.

బ్రిసిల్ పురుగును చూసి మాత్రం హడలిపోకండి. గులాబీ, గోధుమ రంగుల్లో ఇరువైపులా తెల్లటి ముళ్లతో రాళ్ల సందుల్లోంచి పాకుతుంది. చూడటానికి బాగుండదు గానీ మిగిలిన మేత, చచ్చిన ప్రాణులను తిని శుభ్రం చేస్తుంది. చేత్తో పట్టుకుంటే ముళ్లు గుచ్చుకుంటాయి, అంతే. ఆకుపచ్చ గోలీల్లా మెరిసే బబుల్ నాచు కనిపిస్తే, రాయి బయట ఉన్నప్పుడే బుడగ పగలకుండా మొదలంటా తీసేయండి.

పురుగుల కంటే కంటికి కనిపించనిది ప్రమాదం. చేపలకు తెల్ల మచ్చలు తెచ్చే క్రిప్టోకారియాన్ పరాన్నజీవి తన జీవితంలో ఒక దశను గట్టి గుల్లలో, రాయికో ఇసుకకో అంటుకుని గడుపుతుంది. చేపలున్న తొట్టిలోంచి తీసిన లైవ్ రాక్ దాన్ని మోసుకొస్తుంది. చేపలు లేకుండా పది పదకొండు వారాలు ఉంచితే ఆ పరాన్నజీవి తిండి లేక నశిస్తుంది. అందుకే దుకాణంలో రాళ్లున్న తొట్టిలో చేపలు కూడా ఉన్నాయా అని తప్పక చూడండి. చేపలు లేని వేరే తొట్టిలో ఉంచిన రాయి సగం దిగులు తగ్గిస్తుంది.

డ్రై రాక్ అంతా ఒకటి కాదు

డ్రై రాక్‌లో పురుగు లేదు, రోగం లేదు. బదులుగా జీవం కూడా లేదు. కానీ కొనేటప్పుడు రెండు రకాలను విడదీసి చూడాలి. ఒకటి, ఒకప్పుడు సముద్రంగా ఉండి ఇప్పుడు నేలగా మారిన చోట తవ్వితీసిన పాత పగడపు రాయి. దీనిలో కుళ్లే పదార్థం ఉండదు, కడిగి వాడుకోవచ్చు. రెండోది, ఒకప్పుడు లైవ్ రాక్‌గా ఉండి ఎండబెట్టినది. తేలిగ్గా, రంధ్రాలతో, చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఎండిన స్పాంజి, పురుగుల అవశేషాలు లోపలే ఉండిపోతాయి. నీళ్లలో వేయగానే అవి మెత్తబడి అమోనియాను, నెలల తరబడి ఫాస్ఫేటును వదులుతూ ఉంటాయి. ఫాస్ఫేటు అంటే జుట్టు నాచుకు మేతే.

దీన్ని ఊహించుకోనక్కర్లేదు, కొలవవచ్చు. కిలో రాయిని 5 లీటర్ల కొత్త ఉప్పునీటిలో చిన్న పంపుతో వారం తిప్పి, ఫాస్ఫేటు పరీక్షించండి. 0.1 పీపీఎం లోపుంటే నిశ్చింతగా వాడండి. 0.5 దాటితే ఆ రాయి ముందు డ్రమ్ములో నానాలి, నీళ్లు మారుస్తూ, ఫాస్ఫేటును పీల్చే ఐరన్ మాధ్యమం పెట్టి, అంకె దిగేదాకా. బ్లీచింగ్ ద్రావణంలో నానబెట్టడం, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచి పై పొర కరిగించడం లాంటి పద్ధతులున్నాయి. అవి పనిచేస్తాయి కూడా. అయితే బ్లీచ్ తడి పోకుండా ఆమ్లంలో వేస్తే క్లోరిన్ విషవాయువు వస్తుంది. మొదటి ట్యాంకు పెట్టేవాళ్లు ఆ ప్రయోగాలకు పోకుండా, అంత శుభ్రం చేయాల్సిన రాయిని కొనకపోవడమే మంచిది.

సిరామిక్‌తో, సిమెంటుతో చేసిన కృత్రిమ రాళ్లూ ఉన్నాయి. సిరామిక్ తేలిక, ఫాస్ఫేటు వదలదు. సిమెంటు రాయి మొదట్లో పీహెచ్‌ను పెంచుతుంది, కాబట్టి మామూలు నీటిలో వారాల పాటు నానబెట్టి, పీహెచ్ మారడం ఆగాకే వాడాలి. కొత్త రాయి ముందే ఊదా రంగులో ఉంటే అది వేసిన రంగే, కోరలైన్ నాచు కాదు. ఇంకో అపోహ కూడా ఉంది: రాయి కాల్షియం కార్బొనేటు కాబట్టి పీహెచ్‌ను అదే నిలబెడుతుందని. పీహెచ్ 8 పైన ఉన్న సముద్రపు నీటిలో అది చెప్పుకోదగ్గంత కరగదు. ఆల్కలినిటీని (పీహెచ్ పడిపోకుండా ఆపే నీటి శక్తిని) కొలిచి నిలబెట్టుకోవాల్సింది మీరే.

ఇతరుల ట్యాంకు ఎత్తేస్తుంటే వచ్చే పాత రాయి చవకగా దొరుకుతుంది. అడగాల్సింది ఒక్కటే: ఆ ట్యాంకులో ఎప్పుడైనా చేపల జబ్బుకు రాగి మందు వాడారా? రాయి రాగిని పట్టుకుని తర్వాత నెమ్మదిగా వదులుతుంది. రొయ్యలు, నత్తలు, పగడాలు దాన్ని తట్టుకోలేవు. తెలియదన్నారంటే తీసుకోకండి.

డ్రై రాక్‌కు కావలసింది ఓపిక

సీసా బ్యాక్టీరియా వాడితే డ్రై రాక్ ట్యాంకు రెండు నుంచి నాలుగు వారాల్లో సైకిల్ అవుతుంది, అంటే అమోనియాను, నైట్రైటును మార్చేసేంత బ్యాక్టీరియా అందులో పెరుగుతుంది. ఏమీ వేయకపోతే ఆరు నుంచి ఎనిమిది వారాలైనా ఆశ్చర్యం లేదు. సీసా కొనేటప్పుడు గడువు తేదీ చూడండి. వేడిలో నిల్వ ఉన్నదీ, గడ్డకట్టినదీ పనికిరాదు. వేసిన తర్వాత కొన్ని రోజులు యూవీ దీపం, స్కిమ్మర్ ఆపి ఉంచాలి.

బ్యాక్టీరియాకు మేతగా చచ్చిన రొయ్యను పడేయడం పాత పద్ధతి. ఎంత అమోనియా వస్తుందో తెలియదు, ఫాస్ఫేటు మాత్రం ఖాయం. అమోనియం క్లోరైడ్ కొలిచి వేయండి. లీటరు ఆర్‌ఓ నీటిలో 6 గ్రాములు కరిగిస్తే, ఆ ద్రావణం ట్యాంకు లీటరుకు 1 మిల్లీలీటరు చొప్పున వేసినప్పుడు దాదాపు 2 పీపీఎం అమోనియా వస్తుంది. 170 లీటర్ల నీటికి 170 మిల్లీలీటర్లు. రెండు మూడు రోజులకోసారి పరీక్షించి, అమోనియా 0.5 కిందికి దిగాక మళ్లీ వేయాలి. 5 పీపీఎం ఎప్పుడూ దాటనివ్వకండి, ఎక్కువైతే బ్యాక్టీరియా పెరుగుదలే మందగిస్తుంది. 2 పీపీఎం వేసిన మర్నాటికల్లా అమోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వస్తే సైకిల్ పూర్తయింది. నైట్రైటు ఎక్కువగా ఉన్నప్పుడు నైట్రేటు కిట్ తప్పుగా ఎక్కువ చూపిస్తుంది, ఆ అంకెను అప్పుడు నమ్మకండి. ఉప్పునీటిలోని క్లోరైడు వల్ల నైట్రైటు చేపల ఒంట్లోకి అంతగా చేరదు, కాబట్టి మంచినీటి ట్యాంకులో భయపడినంతగా దానికి భయపడనక్కర్లేదు. భయపడాల్సింది అమోనియాకే.

సైకిల్ అయిపోవడంతో ట్యాంకు సిద్ధమైపోదు, డ్రై రాక్ అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. ఖాళీ రాతి మీద చోటు కోసం అన్నీ పోటీపడతాయి. మొదట డయాటమ్‌లు (ఒక రకం సూక్ష్మ నాచు) గోధుమ రంగు ధూళిలా పరుచుకుంటాయి. నీటిలో సిలికేటు అయిపోయాక అవే పోతాయి. అందుకే కుళాయి నీళ్లు కాకుండా టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న పదార్థాల కొలత) సున్నా చూపే ఆర్‌ఓ డీఐ నీళ్లతోనే (ఆర్‌ఓ తర్వాత మిగిలిన లవణాలను కూడా తీసేసిన నీళ్లు) ఉప్పు కలపమంటాం. తర్వాత జుట్టు నాచు, ఎర్రటి సైనోబ్యాక్టీరియా చాప రావచ్చు. అన్నిటికంటే విసిగించేవి డైనోఫ్లాజెలేట్లు అనే ఏకకణ జీవులు. చీమిడిలాంటి గోధుమ రంగు తీగలు, వాటి కొనల్లో గాలి బుడగలు, రాత్రికి పలచబడి పగలు మళ్లీ చిక్కబడతాయి. నత్తలు కదలకుండా పడిపోతుంటాయి.

చిత్రమేమిటంటే శుభ్రత ఎక్కువైనచోటే అవి విజృంభిస్తాయి. నైట్రేటు, ఫాస్ఫేటు రెండూ సున్నాకు దిగిపోయి, రాతి మీద పోటీకి వేరే జీవం లేనప్పుడు డైనోలదే రాజ్యం. కాబట్టి డ్రై రాక్ ట్యాంకులో నైట్రేటును 5–10 పీపీఎం, ఫాస్ఫేటును 0.05–0.1 పీపీఎం మధ్య ఉంచండి. గోధుమ రంగు చూడగానే నీళ్లు మార్చి మార్చి సున్నాకు తేవడం పొరపాటు. పదో వంతు లైవ్ రాక్ కలపమన్నది కూడా ఇందుకే. ఆ రెండు మూడు కిలోల మీద ఉన్న కోపిపాడ్లు, పురుగులు, కోరలైన్, లెక్కలేనన్ని రకాల సూక్ష్మజీవులు పక్క రాళ్లకు పాకి ఖాళీ చోటును ఆక్రమిస్తాయి.

ఎంత రాయి కావాలి

ఒకప్పుడు లీటరుకు 120 నుంచి 180 గ్రాములు అనేవారు. బరువైన పాత రాళ్ల కాలపు లెక్క అది. రంధ్రాలున్న తేలికపాటి రాయికి లీటరుకు 60–100 గ్రాములు చాలు. 200 లీటర్ల ట్యాంకుకు 12 నుంచి 20 కిలోలు. గోడలా పేర్చేస్తే వెనక మడ్డి చేరి, నీరు తిరగక అక్కడే చెడుతుంది. గాజుకు అన్ని వైపులా కనీసం 10 సెంటీమీటర్లు వదలండి, లేకపోతే గాజు తుడిచే అయస్కాంతం పట్టదు. ఎత్తు ట్యాంకులో మూడింట రెండు వంతులు మించకుండా చూసుకోండి, పగడాలు పెరిగేది ఆ పైకే.

కట్టడం విషయంలో డ్రై రాక్‌కు సాటి లేదు. ట్యాంకు అడుగు కొలతలు అట్ట మీద గీసి, నేల మీద తీరిగ్గా పేర్చి, నచ్చకపోతే విప్పి, సుత్తీ ఉలీతో విరగ్గొట్టి మళ్లీ పేర్చుకోవచ్చు. కీలు దగ్గర సూపర్ గ్లూ జెల్, దాని మీద ఎపాక్సీ ముద్ద, మళ్లీ జెల్, అలా మూడు పొరలైతే నిలుస్తుంది. బరువు మోసేచోట రంధ్రం చేసి యాక్రిలిక్ కడ్డీ దూర్చాలి. లైవ్ రాక్‌తో అయితే ఇరవై ముప్ఫై నిమిషాల్లో ముగించాలి, మధ్యమధ్యలో ఉప్పునీళ్లు చల్లుతూ. ఏ రాయైనా ముందు గాజు అడుగు మీద నిలబడాలి, ఇసుక తర్వాతే పోయాలి. ఇసుక మీద నిలబెడితే, దాని కింద తవ్వే చేపలు, రొయ్యలు మొత్తం కూల్చేస్తాయి.

రాళ్లు, ఇసుక పోగా 200 లీటర్ల ట్యాంకులో నిజంగా పట్టే నీళ్లు 170 లీటర్ల దగ్గర ఉంటాయి. లీటరుకు 36 గ్రాముల లెక్కన దాదాపు 6 కిలోల ఉప్పు. ట్యాంకులో ఉన్నది డ్రై రాక్ మాత్రమే అయితే మొదటిసారి ఉప్పు అందులోనే కలపవచ్చు. లైవ్ రాక్ ఉంటే విడిగా కలిపి, ఉప్పు శాతం కొలిచే రీఫ్రాక్టోమీటర్‌లో 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో 35 వంతుల ఉప్పు) చూసుకున్నాకే పోయాలి.

రెండూ కలిపేటప్పుడు వరుస

లైవ్ రాక్, డ్రై రాక్ ఒకే రోజు పెట్టి 2 పీపీఎం అమోనియా వేస్తే, డబ్బు పెట్టి తెచ్చిన జీవం ఆ అమోనియాకే పోతుంది. డ్రై రాక్‌ను ట్యాంకులో పేర్చి, ఆ రోజే సైకిల్ మొదలుపెట్టండి. అదే వారం లైవ్ రాక్ తెచ్చి, హీటర్, చిన్న పంపు, మామూలు తెల్ల లైటు ఉన్న 20 లీటర్ల బకెట్లో వేరుగా ఉంచండి. అక్కడ సైకిల్ నడిచినన్ని వారాలూ ఇక్కడ పురుగుల్ని కనిపెట్టవచ్చు. లైటు ఆరిన గంట తర్వాత ఎర్ర టార్చి వేసి చూడండి, పీతలు, మాంటిస్ ఆ వేళకే బయటికొస్తాయి. వారానికోసారి మూడో వంతు నీళ్లు మార్చండి. ఆవిరైన నీటి బదులు ఉప్పు లేని ఆర్‌ఓ డీఐ నీళ్లే పోయాలి, లేకపోతే ఉప్పు శాతం పెరిగిపోతుంది. ఐప్టేసియా కనిపించిన రాయి ఒక్కటే అయితే, దానికి మందు పెట్టే శ్రమ కంటే ఆ ఒక్క రాయిని వదులుకోవడం తేలిక.

ట్యాంకు మర్నాటి పరీక్షలో సున్నా చూపించాక, నైట్రేటు 20 పీపీఎం దాటి ఉంటే ముందు కొంత నీళ్లు మార్చి, అప్పుడు లైవ్ రాక్ లోపలికి తెండి. డ్రై రాళ్లకు ఆనించి, నీళ్లు బాగా తగిలేచోట పెట్టాలి. పురుగుల అనుమానం పూర్తిగా తీరకపోతే సంప్‌లో (ట్యాంకు కింద ఉండే ఫిల్టరు తొట్టిలో) పెట్టండి, బ్యాక్టీరియా, కోపిపాడ్లు పంపు గుండా పైకి వస్తాయి, పీత అక్కడే ఉండిపోతుంది. రాయి చేపలున్న తొట్టి నుంచి వచ్చిందైతే, బకెట్లో ఉంచిన రోజులు కలుపుకుని పది పదకొండు వారాలు నిండేదాకా ట్యాంకులో చేపను వేయకండి. ఈలోగా నత్తల్ని వేసుకోవచ్చు, అవి కూడా చేపల్లేని తొట్టి నుంచి వచ్చినవై ఉండాలి. 100 లీటర్లకు ఐదారుతో మొదలుపెట్టి, నాచు కనిపించాకే పెంచండి. చేపలు వచ్చాక మొదటిది ఒక్కటే, చిన్నది. రెండు వారాల పాటు రోజు విడిచి రోజు అమోనియా పరీక్షించి, అంకె కదలకపోతే రెండోదాని సంగతి చూడండి.